‘ఎంబ్రియో దత్తత’ పేరుతో ఇచ్చేది ఏమిటి? మిగిలిన పిండాలు, చట్టం, విశాఖ దంపతులు

క్లుప్తంగా

ఒక జంట ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యాన్నీ ల్యాబులో కలిపి చేసే సంతాన చికిత్స) చేయించుకోగా మిగిలిన ఎంబ్రియోను, అంటే పిండాన్ని, మరో జంటకు ఇవ్వడం అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో చట్టబద్ధం. మన దేశంలో 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టంలో దానికి దారి లేదు. ఇక్కడ ‘ఎంబ్రియో దత్తత’ అన్న మాట వినిపించినప్పుడు దాని వెనక ఉండేది ఎక్కువగా ‘డబుల్ డోనర్’ పద్ధతి. అంటే దాత అండం, దాత వీర్యం విడివిడిగా తెప్పించి, ఆ దంపతుల కోసమే కొత్తగా ఎంబ్రియో తయారుచేయడం. ఈ రెండిటికీ ఉన్న తేడా తెలియకపోతే సంతకం దగ్గరా, డబ్బు దగ్గరా, రేపు బిడ్డ హక్కుల దగ్గరా ఇబ్బంది తప్పదు.

మాట దగ్గరే తికమక

తెలుగులో పిండం అన్న మాటకు రెండు కొసలున్నాయి. కడుపులో పడిన నలుసూ పిండమే, పోయినవారికి పెట్టే అన్నం ముద్దా పిండమే. అండదానం, వీర్యదానం అని రాసినంత తేలిగ్గా ‘పిండదానం’ అని రాయలేం. ఆ మాట వినగానే గయ, గోదావరి రేవు కళ్ళముందు నిలుస్తాయి. కనుక ఆసుపత్రుల్లో అందరూ ‘ఎంబ్రియో’ అనే అంటారు. దానికి ‘దత్తత’ అన్న మాట తోడవ్వడంతో తికమక రెట్టింపైంది.

విశాఖపట్నం ఉత్తరాంధ్రకే కాదు, దక్షిణ ఒడిశాకూ వైద్యానికి పెద్ద దిక్కు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, పాడేరు వైపు నుంచే కాక రాయగడ, కోరాపుట్ నుంచి కూడా దంపతులు సంతాన సాఫల్య కేంద్రాలకు ఇక్కడికే వస్తారు. వారిలో చాలామంది సింహాచలం కొండెక్కి కప్పస్తంభాన్ని కౌగిలించుకుని, ఆ తర్వాత స్కానింగ్‌కు దిగుతారు. రెండు మూడు ఐవీఎఫ్ సైకిళ్ళు, అంటే చికిత్స విడతలు, విఫలమయ్యాక కౌన్సెలింగ్ గదిలో వినిపించే మాటలు మారతాయి. ‘సెల్ఫ్’ (సొంత అండం, సొంత వీర్యం) అయిపోయింది, ‘డోనర్ ఎగ్’కి వెళ్దామా, లేకపోతే ‘డబుల్ డోనర్’ చేద్దామా అన్న ప్రశ్న వస్తుంది. అదే సమయంలో ఎవరో బంధువు, ఏదో వీడియో ‘ఎంబ్రియోను దత్తత తీసుకోవచ్చట’ అని చెబుతారు. అలసిపోయిన దంపతులకు ఈ మాటలన్నీ ఒకటిగానే వినిపిస్తాయి.

ఎంబ్రియోలు ఎందుకు మిగులుతాయి?

సహజంగా నెలకు ఒక అండం విడుదలవుతుంది. ఐవీఎఫ్‌లో పది పన్నెండు రోజులు రోజూ ఇంజెక్షన్లిచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు ఎదిగేలా చేస్తారు. పిండం దశకు చేరేసరికి చాలా రాలిపోతాయి కాబట్టే ఇలా ఎక్కువ తీస్తారు. పన్నెండు అండాలు తీశారనుకుందాం. వాటిలో తొమ్మిది పక్వమైనవి ఉండొచ్చు, ఏడు ఫలదీకరణం చెందొచ్చు. అయిదో రోజుకు, అంటే ‘బ్లాస్టోసిస్ట్’ దశకు, మూడో నాలుగో చేరితే మంచి ఫలితమే. మొదటి ట్రాన్స్‌ఫర్‌లోనే, అంటే ఎంబ్రియోను గర్భసంచిలో పెట్టిన తొలిసారే, గర్భం నిలిచి కాన్పు అయిపోతే మిగతా రెండు మూడు మిగిలిపోతాయి.

అప్పుడు చేతికొచ్చే కాగితం మీద ‘డే 5, 4ఏఏ - 1, 4బీబీ - 2, క్రయో’ అని ఒక వరుస ఉంటుంది. ఆ వరుస అర్థమయ్యే దంపతులు తక్కువ. క్రయో అంటే గడ్డకట్టించి దాచినవని. 4 అన్నది బ్లాస్టోసిస్ట్ ఎంత విచ్చుకుందో చెప్పే అంకె. మొదటి అక్షరం బిడ్డగా ఎదగాల్సిన కణాల నాణ్యత, రెండోది మాయగా మారాల్సిన కణాల నాణ్యత. ఒక్కో బ్లాస్టోసిస్ట్‌లో వంద, రెండొందల కణాలుంటాయి. మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూఇటుగా ఉంటుంది. దానిలోని నీరు మంచు ముక్కలుగా మారి కణాలను చీల్చకుండా అతివేగంగా గడ్డకట్టిస్తారు. ఈ పద్ధతి పేరు విట్రిఫికేషన్. పేరు, నంబరు రాసిన సన్నటి స్ట్రాలో పెట్టి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. ఆ చలిలో జీవక్రియ పూర్తిగా ఆగిపోతుంది. ఏడాదైనా, ఇరవై ఏళ్ళైనా ఎంబ్రియో వయసు కదలదు. ఇలా గడ్డకట్టించిన బ్లాస్టోసిస్టుల్లో నూటికి తొంభైకి పైగా కరిగించాక బతికే ఉంటాయి.

ఈ ట్యాంకులకు కరెంటుతో పని లేదు. పెద్ద థర్మాస్ ఫ్లాస్కుల వంటివి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి చీకట్లో గడిపిన నగరానికి ఈ సంగతి ఊరటే. కానీ నైట్రోజన్ మెల్లగా ఆవిరవుతుంటుంది, మట్టం తగ్గక ముందే పోస్తూ ఉండాలి. తుపాను వల్ల రోడ్లు మూసుకుపోతే నైట్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది, నిల్వ ఎన్నాళ్ళకు సరిపడా ఉంటుంది అని అడిగే హక్కు ఎంబ్రియో దాచుకున్న ప్రతి జంటకూ ఉంది. తీరంలో ఉన్న ఊళ్ళో అది అడగాల్సిన ప్రశ్న కూడా.

దాచినందుకు ఏడాదికోసారి రుసుం కట్టాలి. మొదటి రెండేళ్ళూ గుర్తుంచుకుని కడతారు. బిడ్డ బడికెళ్ళే వయసొచ్చాక, ఇల్లు మారాక, ఫోను నంబరు మారాక కట్టడం ఆగిపోతుంది. క్లినిక్కు తనంతట తాను పారేయడానికి వీల్లేదు, దంపతులు తేల్చరు. ‘మిగిలిన ఎంబ్రియో’ అన్న సమస్య ప్రపంచమంతటా ఇలాగే పుట్టింది.

ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు

మొదటిది, మాటకు తగ్గ అసలు అర్థం. ఒక జంట తమ అండం, తమ వీర్యంతో తమ కోసం తయారు చేయించుకున్న ఎంబ్రియో మిగిలింది. దాన్ని పైసా తీసుకోకుండా మరో జంటకు ఇచ్చారు. పుట్టే బిడ్డకు ఆ మొదటి ఇంట్లో అదే తల్లికీ, అదే తండ్రికీ పుట్టిన అక్కో అన్నో ఉంటారు. విదేశాల్లో ఎంబ్రియో డొనేషన్, ఎంబ్రియో అడాప్షన్ అనేది దీన్నే.

రెండోది డబుల్ డోనర్. అండం ఇచ్చిన స్త్రీ ఒకరు, వీర్యం ఇచ్చిన పురుషుడు మరొకరు. వారిద్దరికీ ఒకరితో ఒకరికి సంబంధం లేదు, ముఖపరిచయం కూడా ఉండదు. ఆ రెండూ దాతల నుంచి సేకరించి క్లినిక్కులకు ఇచ్చే ఏఆర్‌టీ బ్యాంకు ద్వారా వస్తాయి. బిడ్డ కోరుకున్న దంపతుల పేరు మీద, వారి సమ్మతితో ల్యాబులో ఎంబ్రియో తయారవుతుంది. జన్యుపరంగా బిడ్డకు దంపతులిద్దరితోనూ సంబంధం ఉండదు కాబట్టి పైకి మొదటి పద్ధతిలాగే కనిపిస్తుంది. చట్టం చూపులో మాత్రం పూర్తిగా వేరు.

మూడోది ‘రెడీ ఎంబ్రియో’. ఎవరి కోసమనీ కాకుండా ముందే తయారుచేసి ఉంచిన ఎంబ్రియో, లేదా ఎవరో వదిలేసి వెళ్ళినది. ‘ఆలస్యం ఉండదు, ఖర్చు తక్కువ’ అనేది దీనికి చెప్పే కారణం. కొత్త చట్టం రాక ముందు మన దగ్గర 2005లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన మార్గదర్శకాలే ఆధారం. వాటిలో ఎంబ్రియో దానానికి చోటుండేది. మార్గదర్శకాలకు చట్టబలం లేకపోవడంతో మొదటి పద్ధతికీ మూడో పద్ధతికీ మధ్య గీత చెరిగిపోయింది. ఇప్పటికీ జనం నోట నలిగే సమాచారంలో చాలా భాగం ఆ కాలం నాటిదే.

చట్టం ఎక్కడ గీత గీసింది?

2021 నాటి ఏఆర్‌టీ చట్టంలో ‘గామీట్ డోనర్’ అన్న నిర్వచనం ఉంది. అండం లేదా వీర్యం ఇచ్చే వ్యక్తి అని దానర్థం. ఎంబ్రియో ఇచ్చే జంటకు అలాంటి నిర్వచనమే లేదు. ఇదొక్కటే అయితే పొరపాటున వదిలేశారని సరిపెట్టుకోవచ్చు. కానీ మరో రెండు సెక్షన్లు ఆ తలుపును గట్టిగానే మూశాయి.

సెక్షన్ 28 ప్రకారం ఎంబ్రియోను గరిష్ఠంగా పదేళ్ళు నిల్వ ఉంచవచ్చు. గడువు నిండాక నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో రిజిస్టరైన పరిశోధనా సంస్థకు ఇవ్వాలి. మూడో దారి, అంటే మరో జంటకు ఇవ్వడం, ఆ సెక్షన్లో లేదు. సెక్షన్ 29 ఇంకా సూటిగా ఉంటుంది. అండాలు, వీర్యం, ఎంబ్రియోల అమ్మకం, బదిలీ, వినియోగం దేశం లోపలైనా బయటైనా నిషిద్ధం. ఒకే మినహాయింపు ఉంది. సొంత ఎంబ్రియోలను సొంత అవసరానికి, జాతీయ బోర్డు అనుమతితో తరలించుకోవచ్చు. చెల్లెలికి, తోడికోడలికి, స్నేహితురాలికి ఇవ్వడానికి ఆ మినహాయింపు వర్తించదు. ఎంబ్రియోల అమ్మకం, వ్యాపారం వంటి నేరాలకు మొదటిసారి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయల జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ళ జైలుతో పాటు 10 నుంచి 20 లక్షల జరిమానా ఉన్నాయి.

డబుల్ డోనర్ పద్ధతికి మాత్రం చట్టంలో బాట ఉంది. ఆ బాట చాలా ఇరుకు. అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, వీర్యదాత వయసు 21 నుంచి 55 మధ్య. అండదాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు. ఒక దాత అండాలనుగానీ వీర్యాన్నిగానీ బ్యాంకు ఒకే జంటకు ఇవ్వాలి, ఇద్దరు ముగ్గురికి పంచకూడదు. దాతకు పన్నెండు నెలల బీమా చేయించాలి. చికిత్స కోరే స్త్రీ వయసు 21 దాటి 50 లోపు, పురుషుడి వయసు 21 దాటి 55 లోపు ఉండాలి.

‘రెడీ ఎంబ్రియో’ ఎందుకు అనుమానించాల్సిన మాటో ఈ నిబంధనల్లోనే తేలిపోతుంది. ఒక దాత కణాలు (అండం లేదా వీర్యం) ఒకే జంటకు, అదీ ఆ జంట రాతపూర్వక సమ్మతితోనే వాడాలి. అలాంటప్పుడు దంపతులు ఆసుపత్రి మెట్లెక్కక ముందే వారి కోసం ఎంబ్రియో సిద్ధంగా ఎలా ఉంటుంది? అది మరొకరి కోసం తయారైనదైనా అయుండాలి, ఎవరి సమ్మతీ లేకుండా తయారైనదైనా అయుండాలి. రెండూ చట్టానికి బయటే.

సరోగసీ (అద్దె గర్భం) దారిలో నిబంధన ఇంకా బిగుతు. 2023 మార్చిలో దాత కణాలను పూర్తిగా నిషేధించి, 2024 ఫిబ్రవరిలో ఒక సడలింపు ఇచ్చారు. జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే దంపతుల్లో ఒకరి స్థానంలో దాత కణాన్ని వాడవచ్చు. ఇద్దరి స్థానంలోనూ కుదరదు. దాత ఎంబ్రియోను అద్దె గర్భంలో పెడతామని ఎవరైనా చెబితే ఆ మాటకు చట్టంలో ఆధారం లేదు.

అమెరికాలో ‘దత్తత’ ఎలా అయింది?

ఈ మాటకు పుట్టిల్లు కాలిఫోర్నియా. అక్కడి ఒక క్రైస్తవ దత్తత సంస్థ 1997లో ‘స్నోఫ్లేక్స్’ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది. 1998 డిసెంబరు 31న దాని ద్వారా తొలి బిడ్డ పుట్టింది. పిల్లల దత్తతలో చేసినట్టే ఇంటి పరిశీలన, ఇచ్చే కుటుంబం తీసుకునే కుటుంబాన్ని ఎంచుకోవడం, ఫొటోలూ ఉత్తరాలూ ఇచ్చిపుచ్చుకోవడం ఇందులో ఉంటాయి. ఎంబ్రియో అప్పటికే బిడ్డతో సమానమన్న మత విశ్వాసం దీని వెనక ఉంది. పిండ మూలకణాల పరిశోధన మీద అమెరికాలో నడిచిన రాజకీయ వివాదంలో ఈ పిల్లలను సాక్ష్యంగా చూపించారు. 2003లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో నేషనల్ ఎంబ్రియో డొనేషన్ సెంటర్ మొదలైంది. 1992 ఏప్రిల్‌లో గడ్డకట్టించిన ఎంబ్రియోల నుంచి 2022 అక్టోబరులో కవలలు పుట్టింది ఈ కేంద్రం ద్వారానే.

చట్టం పరంగా చూస్తే అమెరికాలో కూడా ఇది చాలా రాష్ట్రాల్లో కాంట్రాక్టే, కోర్టు ఇచ్చే దత్తత ఉత్తర్వు కాదు. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు గడ్డకట్టించిన ఎంబ్రియోలు కూడా పిల్లల కిందికే వస్తాయని తీర్పు ఇవ్వగానే అక్కడ కొన్ని ఆసుపత్రులు ఐవీఎఫ్ ఆపేశాయి. ప్రయోగశాలలో ఒక స్ట్రా చెయ్యి జారితే ఎవరిమీద ఏ కేసు పడుతుందో తెలియని స్థితి వచ్చింది. కొద్ది వారాల్లోనే ఆ రాష్ట్ర చట్టసభ క్లినిక్కులకు రక్షణ కల్పిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. ఒక మాటకు చట్టం ఇచ్చే అర్థం ఎంత దూరం పాకుతుందో ఆ ఉదంతం చూపింది.

బ్రిటన్ తీరు వేరు. అక్కడ దత్తత అన్న మాట చట్టంలో వాడరు, దానం అంటారు. 2022 జులై నుంచి నిల్వ గడువు 55 ఏళ్ళు, పదేళ్ళకోసారి సమ్మతి కొత్తగా ఇవ్వాలి. 2005 ఏప్రిల్ 1 తరవాత దానమిచ్చినవారి వివరాలు బిడ్డకు 18 ఏళ్ళు నిండాక అడిగితే ఇస్తారు. ఎవరికిచ్చామన్నది ఇచ్చినవారికి తెలియదు, ఎవరిచ్చారన్నది బిడ్డకు తెలియకుండా పోదు. మన చట్టం దాతకు బిడ్డ మీద హక్కులేవీ లేకుండా తెంచేసి ఆగింది. పెద్దయ్యాక ఆ బిడ్డ ఎవరిని అడగాలన్న ప్రశ్నను ముట్టుకోలేదు. ఇది చిన్న లోపం కాదు.

మన దత్తతతో పోలిస్తే

ఉత్తరాంధ్రలో పెంపకం కొత్త కాదు. అక్కకు పిల్లలు లేకపోతే చెల్లెలి రెండో బిడ్డను, అన్నకు లేకపోతే తమ్ముడి కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టి ఇచ్చేవారు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆ ఆచారానికే చట్టరూపం ఇచ్చింది. దాని ప్రకారం దత్తత చెల్లాలంటే బిడ్డను నిజంగా చేతులు మార్చాలి. కన్నవారు ఇవ్వాలి, పెంచేవారు తీసుకోవాలి. దత్తహోమం తప్పనిసరి కాదు, ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరి. నైట్రోజన్ ట్యాంకులో ఉన్న బ్లాస్టోసిస్ట్‌ను ఒళ్ళో పెట్టడం ఉండదు. బాలల న్యాయ చట్టం కింద ‘కారా’ (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా జరిగే దత్తత కూడా పుట్టిన పిల్లలకే వర్తిస్తుంది. కాబట్టి ఎంబ్రియో విషయంలో ‘దత్తత పత్రం’ అని ఎవరైనా స్టాంపు కాగితం మీద రాసిచ్చినా దానికి విలువ లేదు.

డబుల్ డోనర్ ద్వారా పుట్టిన బిడ్డకు దత్తత అవసరమే రాదు. ఏఆర్‌టీ చట్టం సెక్షన్ 31 ఆ బిడ్డను దంపతుల సొంత బిడ్డగానే గుర్తిస్తుంది. ఆస్తి, వారసత్వం, పోషణ అన్నీ వారి నుంచే. కాన్పయిన ఆసుపత్రి పంపే వివరాలతో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చే జనన ధ్రువపత్రంలో తల్లి పేరు కన్నామెదే ఉంటుంది. వేరే కాగితం అక్కర్లేదు.

ఎక్కువమంది ఇటువైపు మొగ్గడానికి కారణాలు కాగితాల్లో కంటే వీధిలో దొరుకుతాయి. కారాలో పేరు నమోదు చేసుకుంటే పసిబిడ్డ కోసం మూడేళ్ళకు పైగా ఎదురుచూడాలి. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. ఐవీఎఫ్ చుట్టూ ఎనిమిది పదేళ్ళు తిరిగినవారు అప్పటికే ఆ గీతకు దగ్గరపడి ఉంటారు. అన్నిటికీ మించి గర్భం నలుగురికీ కనిపిస్తుంది. సీమంతం చేసుకోవచ్చు, పుట్టింటికి కాన్పుకు వెళ్ళవచ్చు, గాజులు తొడిగించుకోవచ్చు. ‘ఎవరి బిడ్డ’ అని అడిగే నోళ్ళకు అవకాశం ఉండదు. గొడ్రాలన్న మాట పడ్డ ఆడమనిషికి ఆ తొమ్మిది నెలలు ఎంత విలువైనవో కౌన్సెలింగ్ గదిలో కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది.

గోత్రం ప్రశ్న కూడా అక్కడే వస్తుంది. ‘దాతది ఏ కులం’ అని అడిగేవారున్నారు. దేవకి గర్భాన్ని రోహిణికి మార్చిన కథ మన దగ్గర ఉందిగా అని సర్దిచెప్పేవారూ ఉన్నారు. ఆ పోలిక సగమే అతుకుతుంది. రోహిణి కూడా వసుదేవుడి భార్యే, బలరాముడు గర్భం మారినా వంశం మారలేదు. వంశం గడప దాటి వచ్చే బిడ్డను మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం వేరే ప్రశ్న, దానికి పురాణం నుంచి అరువు తెచ్చుకున్న జవాబు చాలదు.

అన్న ఇస్తానంటే?

‘బయటివారివి ఎందుకు, మా అన్నయ్య వాళ్ళవి రెండు మిగిలాయి కదా’ అన్న ఆలోచన మన కుటుంబాల్లో సహజంగా వస్తుంది. పైన చెప్పినట్టు చట్టం ఒప్పుకోదు. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, తెలుగు ఇళ్ళలో దీనికి ఇంకో ప్రమాదం ఉంది.

అన్న, వదినల ఎంబ్రియోను చెల్లెలు మోసి కొడుకును కన్నదనుకుందాం. వరసకు ఆ కుర్రాడు చెల్లెలి కొడుకు. అన్న కూతురు అతడికి మేనమామ కూతురు, అంటే మరదలు. మేనరికం వరస. ఇరవై ఏళ్ళకు ఇంట్లో పెద్దవాళ్ళు ఆ సంబంధమే కలుపుకోవాలని మురిసిపోతారు. జన్యుపరంగా ఆ ఇద్దరూ ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన అన్నాచెల్లెళ్ళు. రహస్యం తెలిసిన నలుగురిలో ఇద్దరు పోతే, మిగిలిన ఇద్దరూ నోరు మెదపకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మేనరికాలు ఇంకా జరుగుతున్న ప్రాంతంలో ఎంబ్రియో దానం గురించి రేపు ఏ నిబంధన రాసినా ఈ ఒక్క ఉదాహరణను ముందు పెట్టుకుని రాయాలి. అమెరికా నమూనాలో దీనికి జవాబు దొరకదు, అక్కడ వరసలు ఇలా ఉండవు.

మోసే తల్లి ఆరోగ్యం

గర్భం నిలిచే అవకాశం అండం ఇచ్చినామె వయసు మీద ఎక్కువగా ఆధారపడుతుంది, మోసేవారి వయసు మీద తక్కువ. నలభై దాటిన స్త్రీకి డోనర్ మార్గం సూచించడానికి కారణం ఇదే. రెండు మూడు వారాల పాటు ఈస్ట్రోజన్ మాత్రలతో గర్భసంచి పొరను మందంగా చేసి, ప్రొజెస్టరాన్ మొదలుపెట్టి, ఆరో రోజుకు అటూఇటుగా ఎంబ్రియోను లోపల పెడతారు. కోత ఉండదు, మత్తు కూడా చాలామందికి అక్కర్లేదు. పది పద్నాలుగు రోజులకు గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష.

తేలిగ్గా అయిపోయే ఈ పని వెనక చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. సొంత అండంతో వచ్చిన గర్భాల కంటే దాత అండంతో వచ్చిన గర్భాల్లో బీపీ పెరిగి ప్రీ ఎక్లాంప్సియాకు (తల్లీబిడ్డలకు ప్రమాదమైన గర్భకాలపు జబ్బు) దారితీసే అవకాశం ఎక్కువ. పిండం జన్యుపరంగా తల్లి శరీరానికి పూర్తిగా కొత్త కావడం ఇందుకు కారణమని భావిస్తున్నారు. డబుల్ డోనర్‌లోనూ ఆ పరిస్థితే. వయసు నలభై అయిదు, కవలలు, పైగా షుగరు ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఏజెన్సీ గ్రామం నుంచి వచ్చి విశాఖలో ట్రాన్స్‌ఫర్ చేయించుకుని తిరిగి వెళ్ళిపోయే స్త్రీకి ఏడో నెలలో బీపీ ఎవరు చూస్తారు? ఏ ఆసుపత్రికి ఎన్ని గంటల్లో చేరగలదు? ట్రాన్స్‌ఫర్ తేదీ ఖాయం చేసే ముందే ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి.

దాతలకు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. తలసీమియా, సికిల్ సెల్ అనే రక్త వ్యాధుల వాహకులా (వ్యాధి లేకున్నా దాని జన్యువు ఉన్నవారా) కాదా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. రెండు వైపులా వాహకులైతే పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరు దాతలూ ఒకరికొకరు తెలియనివారైనప్పుడు ఈ లెక్క చూడాల్సింది బ్యాంకూ క్లినిక్కే.

కాగితాల్లో ఏం చూడాలి?

2025 జులైలో బయటపడిన ఒక కేసులో సికింద్రాబాద్‌లోని ఫెర్టిలిటీ సెంటర్‌ను ఆశ్రయించిన దంపతులకు సరోగసీ ద్వారా మీ బిడ్డే అని చెప్పి విశాఖపట్నంలో ఒక పసికందును అప్పగించారు. డీఎన్ఏ పరీక్షలో ఆ బిడ్డకు వారిద్దరితోనూ సంబంధం లేదని తేలింది. బిడ్డను వేరే దంపతుల దగ్గర డబ్బిచ్చి తెచ్చారన్నది పోలీసుల అభియోగం. అక్కడ ఎంబ్రియో దానం ప్రసక్తి లేదు. అయినా ఆ కేసు ఈ విషయానికి దగ్గరే. బిడ్డకు తమతో జన్యు సంబంధం ఉంటుందా ఉండదా, ఉండకపోతే ఎవరి కణాలు, ఏ కాగితం మీద అన్నది స్పష్టంగా ఉన్నచోట అలాంటి మోసం నిలవడం కష్టం.

క్లినిక్కుకు ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లెవల్ 1 క్లినిక్కులు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వరకే చేయాలి, ఐవీఎఫ్‌కు లెవల్ 2 రిజిస్ట్రేషన్ కావాలి. దాత కణాలను క్లినిక్కు సొంతంగా సేకరించకూడదు, రిజిస్టరైన బ్యాంకు నుంచి రావాలి. ఆ బ్యాంకు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఫైల్లో కనిపించాలి. దాత పేరు చెప్పరు, కానీ దాత కోడ్, వయసు, రక్తం గ్రూపు, పరీక్షల ఫలితాలు ఉంటాయి. సమ్మతి పత్రం చదవగలిగిన భాషలో ఇవ్వమని అడగాలి. ఇంగ్లిష్‌లో పదిహేను పేజీల ఫారం ముందు పెట్టి, సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి ఇవ్వడం మామూలైపోయింది. ఆ పేజీల్లోనే ఒకచోట, ఎంబ్రియోలు మిగిలితే ఏం చేయాలి, దంపతుల్లో ఒకరు మరణిస్తే ఏం చేయాలి, విడిపోతే ఏం చేయాలి అన్న గడులుంటాయి. పదేళ్ళ తరవాత తగాదా వస్తే న్యాయమూర్తి మొదట తెరిచే పేజీ అదే అవుతుంది.

చట్టం మారితే

ఎంబ్రియో దానాన్ని అనుమతించాలన్న వాదనకు బలం ఉంది. ఒకరికి అక్కర్లేక నశించిపోయే ఎంబ్రియో మరొకరి ఇంట బిడ్డ కాగలదు. కొత్తగా ఏ స్త్రీకీ ఇంజెక్షన్లు ఇచ్చి అండాలు తీయనక్కర్లేదు. ఒక్క ఐవీఎఫ్ సైకిల్‌కు లక్షన్నర రూపాయలు దాటడం మామూలైన చోట, కరిగించి లోపల పెట్టడానికి అయ్యేది అందులో కొంత భాగమే. డబుల్ డోనర్‌ను అనుమతించి, దానికంటే తక్కువ శ్రమతో అయ్యే ఎంబ్రియో దానాన్ని మూసేయడంలో తర్కం వెతకడం కష్టమే.

నిషేధం వెనక భయానికీ కారణం ఉంది. ‘దానం’ అన్న బోర్డు కింద వ్యాపారం నడవడం మన దగ్గర ఊహ కాదు. మిగిలాయని చెప్పడానికే ఎక్కువ ఎంబ్రియోలు తయారుచేసే ప్రమాదం ఉంది. కట్టని నిల్వ రుసుం మాఫీ చేస్తామని చెప్పి పేద దంపతుల చేత ‘దానం’ సంతకం చేయించుకోవచ్చు. కాబట్టి దారి తెరవాలంటే ఇచ్చే జంట, తీసుకునే జంట, చికిత్స చేసే క్లినిక్కు ముగ్గురి మధ్యా ఒక స్వతంత్ర రిజిస్ట్రీ ఉండాలి. ఎవరిది ఎవరికి చేరిందో దానిలో శాశ్వతంగా నమోదవ్వాలి. పుట్టిన బిడ్డ పెళ్ళీడుకొచ్చాక వచ్చి ‘ఈ సంబంధం చేసుకోవచ్చా’ అని అడిగితే అవుననో కాదనో చెప్పగలగాలి. ప్రస్తుతం క్లినిక్కులూ బ్యాంకులూ రికార్డులను కనీసం పదేళ్ళు ఉంచి, ఆపైన జాతీయ రిజిస్ట్రీకి పంపాలన్న నిబంధన ఉంది. ఆ రికార్డును బిడ్డ చూడగలిగే మార్గం మాత్రం ఇంకా వేయలేదు.

ఈలోగా గడియారం నడుస్తూనే ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన నెలలో, అంటే 2022 జనవరి ఆఖరున గడ్డకట్టించిన ఎంబ్రియోలకు 2032 జనవరితో పదేళ్ళు నిండుతాయి. అప్పటికి అదే సైకిల్‌లో ట్రాన్స్‌ఫర్ అయి పుట్టిన బిడ్డ నాలుగో తరగతిలోనో అయిదో తరగతిలోనో ఉంటుంది. క్లినిక్కు నుంచి ఇంటికి ఒక ఫోను వస్తుంది. నశించనివ్వాలా, పరిశోధనకు ఇవ్వాలా అని రెండే ప్రశ్నలు అడుగుతారు.